నిశ్చింత వేరు, నిమ్మళం వేరు

విద్యార్థులారా! తెలుగు పరీక్షలో వ్యతిరేక పదాలు అడిగితే మీరు చకచకా రాసేస్తారు. చింతకు నిశ్చింత, భయానికి నిర్భయం, ఆటంకానికి నిరాటంకం. వీటిని కాస్త పరికించి చూడండి. ముందొక ఉపసర్గ చేర్చి 'అది లేదు' అన్నామే తప్ప, కొత్త మాటేదీ పుట్టలేదు. అదే అలజడికి? నిమ్మళం. కంగారుకు? నిదానం. ఇవి తమకంటూ అర్థమున్న సొంత మాటలు.

మరి మన శరీరం మాటేమిటి? కంగారు పోతే నిమ్మళం దానంతట అదే వస్తుందా? లేక నిమ్మళించడం కూడా శరీరం చేసే ఒక పనేనా?

భయం వేసినప్పుడు సహానుభూత నాడీవ్యవస్థ మేలుకొంటుంది. మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇది మీకు తెలిసిందే.

తెలియని సంగతి ఒకటుంది. ఏ నాడి అదుపూ లేకపోతే గుండె నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. గుండె మార్పిడి చేసినప్పుడు నాడులు తెగిపోతాయి గనుక, అలా అమర్చిన గుండె విశ్రాంతిలో కూడా వేగంగానే కొట్టుకుంటుంది. మరి పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు అది 70 దాకా ఎలా తగ్గింది? మెదడు నుంచి దిగివచ్చే వేగస్ నాడి, వాలులో దిగే సైకిలుకు బ్రేకు వేసినట్లు, గుండెను నిరంతరం నెమ్మదింపజేస్తూనే ఉంటుంది!

వేగస్ నాడి ఈ పనిని ఒక రసాయనం ద్వారా చేస్తుందని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో నిరూపించాడు. ఒక గుండె తాలూకు వేగస్ నాడిని ప్రేరేపించగా అది నెమ్మదించింది. దానిలో ఉన్న ద్రవాన్ని తీసి, నాడులు లేని మరో గుండెకు అందించాడు. అదీ నెమ్మదించింది! ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్ కోలిన్ అని తరువాత తేలింది. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే, అలజడికి ఒక రసాయనం ఉన్నట్లే నిమ్మళానికీ ఒకటి ఉంది.

మీరే పరీక్షించండి. మణికట్టు మీద వేళ్లుంచి నాడి చూసుకుంటూ నిదానంగా ఊపిరి పీల్చండి, ఇంకా నిదానంగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త త్వరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. గమనించారా?

పరీక్ష హాల్లో వణుకుతున్న పిల్లలకు నేను ఏళ్ల తరబడి "భయపడకు" అనే చెప్పేవాణ్ణి. ఆ మాటతో ఎవరి భయమూ పోలేదు. అది 'నిర్భయం' వంటి మాట. వద్దన్నదే గానీ ఏం చేయాలో చెప్పలేదు. ఇప్పుడు "కలం కిందపెట్టి, పదిసార్లు మెల్లగా ఊపిరి వదులు నాయనా" అంటున్నాను. చాలామంది తేరుకొని మళ్లీ రాస్తున్నారు.

అయితే కంగారు బొత్తిగా ఉండకూడదా? మన నగరిలో ఏ మరమగ్గం దగ్గరికైనా వెళ్లి చూడండి. పడుగు మరీ బిగిస్తే నూలు తెగుతుంది, మరీ వదులైతే నేత కుదరదు. మనసూ అంతే. కొంచెం బిగువు ఉండాలి. అవసరమైనప్పుడు దాన్ని సడలించడం తెలిసి ఉండాలి.