పొరుగు జట్టు అధికారిని పిలువవచ్చునా?

‘టాంపరింగ్’ అనే మాట మన పాఠకులకు క్రికెట్ వలన పరిచయమైనదే. బంతిని గీకి దాని నడత మార్చడాన్ని మనం బాల్ టాంపరింగ్ అంటున్నాము. అమెరికా ఫుట్‌బాల్‌లో ఈ మాటకు మరొక అర్థం ఉన్నది. ఒక జట్టుతో ఒప్పందంలో ఉన్న మనిషిని, ఆ జట్టు అనుమతి లేకుండా మరొక జట్టు తన వైపునకు రప్పించుకొనే ప్రయత్నాన్ని అక్కడ టాంపరింగ్ అంటారు. ఆ మనిషి ఆటగాడు కావచ్చును, శిక్షకుడు కావచ్చును, ఎన్నడూ బంతి ముట్టని కార్యాలయ అధికారి కూడా కావచ్చును.

అధికారి కొరకు తగవు ఎందుకు?

ఇది మనం కాలితో తన్ని ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతితో విసిరి, పట్టుకొని పరుగెత్తే ఆట. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్.ఎఫ్.ఎల్.)లో 32 జట్లు ఉన్నవి. ప్రతి సంవత్సరం కళాశాలల నుండి వచ్చే యువ ఆటగాళ్ళను ఈ జట్లు ఏడు విడతలుగా, వంతుల వారీగా ఎంచుకుంటాయి. దీనిని డ్రాఫ్ట్ అంటారు. క్రితం ఏడు వెనుకబడిన జట్టుకు ముందు వంతు వస్తుంది. ఆటగాళ్ళ జీతాల మొత్తానికి కూడా అన్ని జట్లకూ ఒకే పరిమితి ఉన్నది. కనుక డబ్బు ఉన్నంత మాత్రాన గెలుపు రాదు. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని వదలాలి అని తూచగల కన్ను కావాలి. ఆ పనిని సాధారణంగా జనరల్ మేనేజర్ చూస్తాడు. అటువంటి అధికారి ఎదుటి జట్టుకు వెళ్ళితే, పాత జట్టు లెక్కలు, అంచనాలు అన్నీ ఆయన తలలోనే వెళ్ళిపోతాయి.

2019 జూన్‌లో జరిగినది

హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు 2019 జూన్ 7న తన జనరల్ మేనేజర్ బ్రయాన్ గేన్‌ను తొలగించింది. ఆ స్థానానికి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టులో ఆటగాళ్ళ ఎంపిక విభాగానికి అధిపతి అయిన నిక్ కసేరియోతో మాట్లాడడానికి అనుమతి కోరింది. ఆయన 2001 నుండి పేట్రియట్స్‌లో ఉన్నవాడు. ఇంతవరకు పద్ధతి ప్రకారమే ఉన్నట్లు కనిపిస్తుంది.

పేట్రియట్స్ మాత్రం లీగ్‌కు టాంపరింగ్ ఫిర్యాదు చేసింది. అనుమానానికి కారణం ఒక విందు. అంతకు ముందు పేట్రియట్స్‌లో పనిచేసిన జాక్ ఈస్టర్‌బీ అదే సంవత్సరం టెక్సన్స్‌లో చేరాడు. జూన్ 6న పేట్రియట్స్ యజమాని రాబర్ట్ క్రాఫ్ట్ ఇంట, సూపర్ బౌల్ విజయానికి గుర్తుగా ఉంగరాలు ఇచ్చే వేడుక జరిగింది. దానికి ఈస్టర్‌బీ కూడా హాజరయ్యాడు. మరునాడే హ్యూస్టన్‌లో గేన్ ఉద్యోగం పోయింది. అనుమతి అడుగకముందే కసేరియోతో మాట జరిగినదా అన్నది ప్రశ్న.

దానికి తీర్పు రాలేదు. జూన్ 14న టెక్సన్స్ తమ ప్రయత్నాన్ని విరమించుకున్నది. కసేరియో ఒప్పందంలోని కొన్ని షరతులు తమకు తెలిసిన తరువాత ఆగిపోతున్నామని ప్రకటించింది. పేట్రియట్స్ కూడా ఫిర్యాదును ఉపసంహరించుకున్నది. తప్పు జరిగినట్లు ఎవరూ నిర్ణయించలేదు. ఇది మరువరాదు.

టెక్సన్స్ ఆ 2019 సీజన్‌ను జనరల్ మేనేజర్ లేకుండానే ఆడింది. 2020 జనవరిలో శిక్షకుడు బిల్ ఓబ్రయన్‌కే ఆ పదవినీ ఇచ్చి, అక్టోబరులో ఆయనను తొలగించింది. చివరకు 2021 జనవరిలో కసేరియో హ్యూస్టన్ జనరల్ మేనేజర్ అయ్యాడు. ఈసారి ఫిర్యాదు లేదు, తగవు లేదు.

ముందు అడుగుట, పిదప మాటలాడుట

మన పల్లెలలో పూర్వం ఉగాది నుండి ఉగాదికి జీతం మాట్లాడుకున్న పాలేరును నడుమ ఏడాదిలో మరొక రైతు పిలిస్తే ఊరి పెద్దల ముందు పంచాయితీ జరిగేది. మనిషి కావాలని కోరుకోవడం దోషం కాదు. యజమానిని అడుగక, పెరటి దారిన కబురు పంపడమే దోషం. ఎన్.ఎఫ్.ఎల్. నియమం సారాంశమూ ఇదే.

పేట్రియట్స్‌కు ఈ విషయంలో పాత అనుభవం ఉన్నది. 1997లో వారి శిక్షకుడు బిల్ పార్సెల్స్ న్యూయార్క్ జెట్స్‌కు వెళ్ళదలచాడు. ఆ ఏడు వేరొక జట్టుకు శిక్షకుడు కారాదని ఆయన ఒప్పందం అడ్డుపడింది. జెట్స్ ఆయనకు ‘సలహాదారు’ అని పేరు పెట్టి తీసుకొనబోయింది. లీగ్ కమిషనర్ పాల్ టాగ్లియాబ్యూ కలుగజేసుకోగా, జెట్స్ నాలుగు డ్రాఫ్ట్ వంతులు ఇచ్చుకొని పార్సెల్స్‌ను తీసుకున్నది. 2000లో పాత్రలు తారుమారయ్యాయి. జెట్స్‌తో ఒప్పందంలో ఉన్న బిల్ బెలిచిక్‌ను తీసుకొనడానికి పేట్రియట్స్ ఒక మొదటి విడత వంతు చెల్లించింది. ఆయన శిక్షణలోనే ఆ జట్టు ఆరు సూపర్ బౌల్‌లు గెలిచింది.

నేరం రుజువైతే శిక్ష గట్టిదే. ఆటగాడు టామ్ బ్రేడీ, శిక్షకుడు షాన్ పేటన్‌ల విషయంలో టాంపరింగ్ చేసినందుకు 2022లో మయామీ డాల్ఫిన్స్ ఒక మొదటి విడత, ఒక మూడవ విడత వంతులను కోల్పోయింది. యజమాని స్టీఫెన్ రాస్‌కు 15 లక్షల డాలర్ల జరిమానా, కొంతకాలం నిషేధం పడినవి.

మన దేశంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉన్నది. రాజస్థాన్ రాయల్స్ ఆటగాడు రవీంద్ర జడేజా మరొక జట్టుతో సొంతంగా మాట్లాడుకున్నాడని 2010 ఐపీఎల్ సీజన్ మొత్తం నిషేధించారు. అమెరికా ఉదాహరణలలో నష్టపోయినవి జట్లు. ఇక్కడ దెబ్బ తగిలింది ఇరవై ఒక్క ఏళ్ళ యువకునికి.

సంతకం చేసిన వాని మాట

నియమం జట్లను కాపాడుతుంది, మంచిదే. కాని కసేరియోకు పెద్ద పదవి ఒకటిన్నర సంవత్సరం వెనుకకు పోయింది. దానికి కారణం ఆయన స్వయంగా సంతకం చేసిన కాగితం.

మన సరిహద్దు గ్రామాల పిల్లలు బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు కంపెనీలలో చేరుతూ బాండ్లపై సంతకాలు చేస్తున్నారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఒకరి వృత్తిని నిరోధించే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగం వదలిన తరువాత ఫలానా చోట చేరరాదనే షరతులను కోర్టులు సాధారణంగా అంగీకరించవు. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన షరతులు మాత్రం వేరు. గడువుకు ముందే వెళ్ళిన ఉద్యోగి 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న విజయా బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది.

కనుక తల్లిదండ్రులు జీతం అంకెతో పాటు మరి మూడు సంగతులు చదివించుకొని వినాలి. ఎంతకాలం ఉండాలి? నడుమ వెళ్ళితే ఎంత కట్టాలి? మరొక చోట మంచి అవకాశం వస్తే ఎవరిని, ఎట్లా అడగాలి? కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలిసినవారి చేత తెలుగులో చెప్పించుకోవాలి. అడగవలసినది సంతకానికి ముందే అడగాలి.