వడపోత చదివింది ఒకటి, బ్రౌజర్ చదివింది మరొకటి

"స్క్రిప్ట్ అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ తీసేస్తే సరిపోదా సార్?" వెబ్ భద్రత పాఠంలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. తీసిపారేయాల్సిన ప్రశ్నా కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన హెచ్‌టీఎంఎల్‌ను తమ పేజీలో చూపించాల్సి వచ్చిన తొలితరం ప్రోగ్రామర్లు చేసింది కూడా అదే. లావు అక్షరాలు, లింకులు, బొమ్మలు ఉండాలి, వాటి చాటున జావాస్క్రిప్ట్ మాత్రం దూరకూడదు. (అలంకారాలేవీ వద్దనుకుంటే పని చిటికెలో అయిపోతుంది. ట్యాగును తెరిచే 'లెస్ దేన్' గుర్తును దాని సంకేత రూపంలోకి మార్చేస్తే చాలు, ట్యాగులన్నీ ఉత్త అక్షరాలైపోతాయి. కానీ రాసేవాళ్లకు సోకులు కావాలి, అందుకే ఇన్ని తిప్పలు.)

నేను బోర్డు మీద 'స్క్రిస్క్రిప్ట్‌ప్ట్' అని రాసి, మధ్యలో ఉన్న 'స్క్రిప్ట్'ను తుడిచేయమంటాను. తుడవగానే అటూ ఇటూ మిగిలిన ముక్కలు కలిసి మళ్లీ 'స్క్రిప్ట్' తయారవుతుంది. తుడిచిన చెయ్యే దాన్ని అతికించిందన్నమాట! ఏమీ మిగలనంతవరకూ మళ్లీ మళ్లీ తుడుద్దామంటారు పిల్లలు. సరే, అసలా మాటే లేకుండా వస్తే? బొమ్మ ట్యాగుకు కావాలనే తప్పుడు చిరునామా ఇచ్చి, బొమ్మ దొరకనప్పుడు నడవాల్సిన 'ఆన్‌ఎర్రర్'లో కోడ్ పెడితే స్క్రిప్ట్ ట్యాగుతో పనే లేదు.

మాటలు తుడిచే వడపోత చాలదని 2005 అక్టోబరులో సోషల్ నెట్‌వర్క్ మైస్పేస్‌కు అనుభవంలోకి వచ్చింది. అక్కడి వడపోత 'జావాస్క్రిప్ట్' అన్న పదాన్ని పట్టుకుని తీసేసేది. పందొమ్మిదేళ్ల సామీ కామ్‌కార్ 'జావా' తర్వాత ఎంటర్ నొక్కి, కింది వరసలో 'స్క్రిప్ట్' రాశాడు. వడపోతకు అవి వేర్వేరు ముక్కలు. అప్పటి కొన్ని బ్రౌజర్లు మాత్రం ఆ వరస విరుపును లెక్కచేయకుండా రెంటినీ కలిపి చదివేశాయి. నిషేధంలో ఉన్న మరో పదాన్ని రెండు ముక్కలుగా విరిచి, కోడ్ నడిచేటప్పుడు అతికేలా చేశాడు. అతని పేజీ చూసినవాళ్లు వాళ్లకే తెలియకుండా అతనికి స్నేహితులైపోయారు. వాళ్ల పేజీల్లో 'సామీయే నా హీరో' అన్న అర్థంలో ఒక వాక్యం చేరింది, దాంతోపాటు ఆ కోడూ చేరింది. దాదాపు 20 గంటల్లో పది లక్షల మందికి పైగా అంటుకుంది. సైట్‌ను ఆపి మరమ్మతు చేశారు. తర్వాత కోర్టు, శిక్ష మామూలే.

బ్రౌజర్‌కు 'ఇది తప్పు, నేను చదవను' అనడం రాదు. ముగింపు ట్యాగు మరిచిపోయినా, ఒకదాంట్లో ఒకటి అడ్డదిడ్డంగా పెట్టినా, రాసినవాడి ఉద్దేశం ఇదై ఉంటుందని ఊహించి ఒక చెట్టు కట్టుకుంటుంది. హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం ఆ ఊహలనే మెట్టుమెట్టుగా నియమాలు చేసింది. కాబట్టి అక్షరాల్లో వెతికి లాభం లేదు. బ్రౌజర్ కట్టుకునే చెట్టునే మనమూ కట్టి, కొమ్మకొమ్మా తిరిగి, అనుమతి ఉన్న ట్యాగులనూ లక్షణాలనూ మాత్రమే ఉంచి, మిగతావి నరికేసి, మళ్లీ అక్షరాలుగా రాసివ్వాలి. 2006లో పీహెచ్‌పీ కోసం వచ్చిన హెచ్‌టీఎంఎల్ ప్యూరిఫయర్‌దీ, 2014లో వచ్చిన డామ్‌ప్యూరిఫైదీ ఈ దారే. రెండోది ఇంకాస్త తెలివైనది: చెట్టు కట్టే పని బ్రౌజర్‌కే అప్పగిస్తుంది.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే మొదలవుతుంది. శుభ్రం చేసిన చెట్టును అక్షరాలుగా మార్చి పేజీలో పెట్టగానే, బ్రౌజర్ దాన్ని రెండోసారి చదువుతుంది. రెండోసారి కట్టే చెట్టు మొదటి చెట్టులాగే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు! ఈ తేడాతో ఎలా దాడి చేయవచ్చో మారియో హైడరిచ్ బృందం 2013లోనే చూపించింది. డామ్‌ప్యూరిఫై వెనకున్నదీ ఆయనే.

2019లో బయటపడిన గూగుల్ సెర్చ్ లోపం దీనికి అందమైన ఉదాహరణ. కనిపెట్టినవారు జపాన్ పరిశోధకుడు మసాతో కినుగావా. 'నోస్క్రిప్ట్' అనే ట్యాగుకు రెండు ముఖాలు. జావాస్క్రిప్ట్ నడవని చోట దాని లోపలివన్నీ మామూలు ట్యాగులు. నడిచే చోట, ముగింపు ట్యాగు వచ్చేదాకా అంతా ఉత్త అక్షరాలు. గూగుల్ వడపోత తన చెట్టును 'టెంప్లేట్' అనే ట్యాగు లోపల కట్టింది. అక్కడ స్క్రిప్టులు నడవవు. అందుకని దానికి కనిపించింది నోస్క్రిప్ట్‌లో ఒక పేరా, ఆ పేరాకు కొటేషన్ గుర్తుల మధ్య ఒక శీర్షిక. శీర్షికలో ఏముంటే ఏం, అక్షరాలేగా అని వదిలేసింది. అసలు పేజీలో స్క్రిప్టులు నడుస్తాయి, అక్కడ కొటేషన్ గుర్తులకు విలువ లేదు. శీర్షికలో దాచిన నోస్క్రిప్ట్ ముగింపు నిజంగానే ముగింపైంది. దాని వెనకే ఉన్న బొమ్మ ట్యాగు ప్రాణం పోసుకుంది, తన ఆన్‌ఎర్రర్‌తో సహా.

ఆ తర్వాత గణిత సూత్రాల ట్యాగులు, ఎస్‌వీజీ బొమ్మల ట్యాగులు ఇలాంటి రెండు ముఖాలే చూపించాయి. డామ్‌ప్యూరిఫై ఎప్పటికప్పుడు అతుకులు వేసుకుంటూ వచ్చింది. ఇప్పుడీ పనిని బ్రౌజర్లే తమ చేతుల్లోకి తీసుకుంటున్నాయి. 'సెట్‌హెచ్‌టీఎంఎల్' అనే పద్ధతి తనకిచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను ఒక్కసారే చదివి, శుభ్రం చేసిన చెట్టును అక్షరాలుగా మార్చకుండా నేరుగా పేజీకి తగిలిస్తుంది. అనుమతుల జాబితా మనం ఎలా రాసినా స్క్రిప్ట్‌ను మాత్రం రానివ్వదు. సర్వర్ వైపు వడపోత రాసేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. అవతల ఏ బ్రౌజర్ ఎలా చదువుతుందో వాళ్లింకా ఊహించుకుంటూనే రాయాలి.