దోమతెర సర్దుకున్నారు, భాష మాటేమిటి?

విశాఖపట్నం: వేసవి సెలవులు వచ్చాయంటే నగరంలోని చర్చిల నుంచి యువజన బృందాలు అరకు, పాడేరు కొండలకు వారం పది రోజుల సువార్త యాత్రకు బయలుదేరుతుంటాయి. దోమతెరలు, బియ్యం మూటలు, పాటల పుస్తకాలు, ఒక డోలక్. కిరండూల్ ప్యాసింజరు ఎక్కేలోగా అన్నీ సర్దుకుంటారు. మరిచిపోయేది భాషనే.

మన్యంలో కొన్ని ఇళ్లలో కువి మాట్లాడతారు, మరికొన్ని ఇళ్లలో ఆదివాసీ ఒడియా. సంతలో బేరానికి విశాఖ తెలుగు చాలు. జ్వరంతో పడుకున్న ముసలమ్మ తన బాధ చెప్పుకుంటుంటే మాత్రం చాలదు.

ఈ చిక్కు విశాఖకు పాతదే. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. వచ్చీ రాగానే తెలుగు నేర్వసాగారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాక అనువాదం సాగింది. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యేసరికి చూసుకోవడానికి ఇద్దరూ లేరు.

వాళ్లకు అయిదేళ్లు దొరికాయి. ఇప్పటి కుర్రాళ్లకు ఏడు రోజులే. కొండ మీది సంఘానికి ముందే కబురంపి, ఆ భాష తెలిసిన మనిషిని కుదుర్చుకుని వెళ్లే బృందాలే నయం. ఆ మనిషి దొరక్కపోతే యాత్ర వారం వాయిదా వేసుకున్నా తప్పులేదు. డాక్టరు వెంట లేకుండా మాత్రలు పంచడం మాత్రం తగదు. విదేశీ అతిథులు చేరితే వీసా చూసుకోవాలి. టూరిస్టు వీసాపై మతప్రచారం కుదరదు, మిషనరీ వీసా వేరే ఉంది.