రాముడి పెళ్లి... రెండు పందిళ్లు!

భద్రాచలంలో సీతారాముల కల్యాణం. కిక్కిరిసిన మిథిలా స్టేడియం. ముఖ్యమంత్రి నెత్తిన పెట్టుకుని తెచ్చే పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు... చాలా ఏళ్లపాటు తెలుగువారందరికీ శ్రీరామనవమి అంటే అదే దృశ్యం.

2014లో రాష్ట్రం విడిపోయింది. భద్రాద్రి రాముడు తెలంగాణలో ఉండిపోయాడు. మరి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టువస్త్రాలు ఎక్కడ సమర్పించాలి? వెతికి వెతికి కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరాముణ్ని ఎంచుకున్నారు. 2015 నుంచి అధికారిక ఉత్సవం అక్కడే. నిజానికి ఒంటిమిట్టలో రాముడు శతాబ్దాలుగా ఉన్నాడు. కల్యాణమూ కొత్త కాదు. కొత్తగా వచ్చింది ప్రభుత్వమే! నీళ్లు, అప్పులు, ఉద్యోగులతోపాటు దేవుడి పెళ్లిలో సర్కారు పీట కూడా పంపకానికి వచ్చిందన్నమాట.

మతాన్నీ రాజకీయాన్నీ కలపకూడదని అందరూ అంటారు. కానీ మన గుళ్లలో ఆ రెండింటిదీ నిన్నమొన్నటి చుట్టరికం కాదు. భద్రాచలానికి ముత్యాలు పంపే ఆనవాయితీ గోల్కొండ నవాబు తానీషాతో మొదలైందని చెప్పుకుంటాం కదా!

తాళంచెవి చేతులు మారి...

తిరుమల కథే చూడండి. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతోపాటు కొండ మీది గుడి కూడా ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. దేవుడి ఆదాయానికి తెల్లదొరలే లెక్కలు రాశారు. 1817లో మద్రాసు ప్రభుత్వం గుళ్ల ఆస్తులపై అజమాయిషీకి ఏకంగా ఓ చట్టమే చేసింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కాపలా కాయడమేంటని మిషనరీలు గొడవ చేశారు. దాంతో కంపెనీ క్రమంగా పక్కకు తప్పుకుంది. 1843లో తిరుమల బాధ్యతను హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది.

సర్కారు వెళ్లిపోయింది కాబట్టి అంతా సవ్యంగా సాగిందా అంటే... లేదు. గుడి సొమ్ము దారిమళ్లుతోందంటూ కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. మిగతా గుళ్లలోనూ ధర్మకర్తల మీద ఇలాంటి ఫిర్యాదులే. మళ్లీ ప్రభుత్వమే రావాలన్నారు. అలా వచ్చిందే హిందూ దేవాదాయ చట్టం. 1925లో మద్రాసు శాసనసభలో దాన్ని నెగ్గించుకున్నది మన తెలుగాయనే- జస్టిస్ పార్టీ ప్రధానమంత్రి పానగల్ రాజా. మత వ్యవహారాల్లో జోక్యమంటూ అప్పుడే పెద్ద దుమారం రేగింది. 1933లో తిరుమలలో మహంతుల పాలన ముగిసి, దేవస్థానం కమిటీ చేతికొచ్చింది.

వాటా పోయింది... జీతమొచ్చింది

1987లో ఎన్టీఆర్ ప్రభుత్వం మరో అడుగు వేసింది. ధర్మకర్తలు, అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. కానుకల్లో వాటా పోయి జీతం వచ్చింది. అర్చకులు సుప్రీంకోర్టుకెళ్లారు. 1996లో కోర్టు చట్టాన్నే సమర్థించింది. పూజ ఎలా చేయాలన్నది మతం, పూజారిని నియమించడం లౌకిక వ్యవహారం అంది. వినడానికి బాగానే ఉంది కానీ, తరతరాలుగా గర్భగుడినే నమ్ముకున్న కుటుంబానికి ఆ గీత ఎక్కడుందో ఎలా కనిపిస్తుంది? 2007లో చట్టాన్ని సవరించి, సంప్రదాయ అర్చక కుటుంబాలకు కొంత ఊరట కల్పించారు.

ఇక పాలకమండళ్ల సంగతి తెలిసిందే. అధికారం మారితే బోర్డూ మారుతుంది. టికెట్ దక్కని నేతకో, పార్టీకి పనిచేసిన పెద్దమనిషికో అందులో చోటు దొరుకుతుంది. దేవుడి సేవ కాస్తా పదవుల జాబితాలో చేరిపోయింది.

లడ్డూ దాకా!

అందుకే 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వ్యవహారం క్షణాల్లో రాజకీయమైంది. గత ప్రభుత్వ హయాంలో కల్తీ నెయ్యి వాడారని, అందులో జంతువుల కొవ్వు కలిసిందని ముఖ్యమంత్రి చంద్రబాబు ఆరోపించారు. అదంతా అబద్ధమని వైకాపా తిప్పికొట్టింది. కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచాలని సుప్రీంకోర్టు మందలించి, అక్టోబరులో స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని వేసింది. ఇటు పార్టీలు తిట్టుకుంటుంటే, అటు ప్రసాదం కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్న భక్తుడు మాత్రం 'తిన్నదేమిటి?' అని మథనపడ్డాడు.

2025 జనవరిలో విజయవాడ దగ్గర విశ్వహిందూ పరిషత్ 'హైందవ శంఖారావం' సభ పెట్టింది. గుళ్లను ప్రభుత్వం వదిలేయాలన్నది డిమాండు. సరే, వదిలేస్తే తాళంచెవి ఎవరికివ్వాలి? మహంతుల కాలం నాటి ప్రశ్నే మళ్లీ ఎదురొస్తుంది. ప్రభుత్వం చేతిలో ఉంటే పార్టీ జెండా భయం, పెద్దల చేతిలో ఉంటే లెక్క చెప్పరన్న భయం. ఎవరి చేతిలో ఉన్నా హుండీ లెక్క భక్తుడికి కనిపించాలి. ఆ మాట మాత్రం ఏ సభలోనూ గట్టిగా వినిపించదు.

హుండీ అంటూ లేని గుళ్లూ ఉన్నాయి. పల్లెల్లో, చెరువుగట్ల మీద. వాటి కోసమే ధూపదీప నైవేద్య పథకం. తెలంగాణలో 2023లో నెలకు 6,000 రూపాయల సాయాన్ని 10,000కు పెంచారు. దాంతోనే నూనె, బియ్యం, పూజారి ఇల్లు... అన్నీ గడవాలి. ఆ గుడికి పట్టువస్త్రాలు తెచ్చే మంత్రి ఉండడు, పదవి అడిగే నాయకుడూ ఉండడు. అయినా పొద్దున్నే పూజారి వచ్చి తలుపు తీస్తాడు. నెల తిరిగేసరికి డబ్బు పడితే దీపంలో నూనె ఉంటుంది.