హెడర్ ఎవరి సొత్తు?

మన పత్రికకే ఒక వెబ్ అప్లికేషన్ కడుతున్నాం అనుకుందాం. కథలు, కవితలు, పాత సంచికలు, రచన పంపే ఫారం, లాగిన్... అన్నీ కలిపి 40 పేజీలు. అన్నింటికీ పైన అదే లోగో, అదే మెనూ, కింద అదే ఫుటర్. మొదటి పేజీ రాసేసి మిగతా 39కి కాపీ-పేస్ట్ కొడితే ఆ పూటకి పని అయిపోతుంది. నెల తర్వాత మెనూలో ఒక్క లింకు మారాలంటే 40 ఫైళ్లు తెరవాలి. 38 మారుస్తాం, రెండు మర్చిపోతాం. ఆ రెండే పాఠకుల కంట పడతాయి, అదేం చిత్రమో!

పీహెచ్‌పీలో చాలామంది వాడే ఉపాయం ఒకటుంది. పై భాగం ఒక ఫైల్లో, కింది భాగం ఇంకో ఫైల్లో పెట్టి, ప్రతి పేజీలోనూ వాటిని ఇంక్లూడ్ చెయ్యడం. కాపీల బాధ తప్పింది, నిజమే. కానీ హెడర్ ఫైల్లో తెరిచిన డివ్ ఫుటర్ ఫైల్లో మూసుకుంటుంది. ఎక్కడో ఒక డివ్ ఎక్కువైతే తప్పు ఎక్కడుందో తెలియడానికి మూడు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకు చూడాలి.

జాంగో ఈ వరసని తిరగేసింది. (అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే దినపత్రిక కోసం 2003లో మొదలై, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ఇది. పత్రికాఫీసులో పుట్టింది కాబట్టి మన క్లబ్బుకి కాస్త చుట్టమే.) ఇక్కడ పేజీ హెడర్‌ని పిలవదు. బేస్ అనే టెంప్లేట్ పేజీ మొత్తాన్నీ తానే రాసి, మధ్యలో పేర్లు పెట్టిన ఖాళీలు వదులుతుంది. వాటినే బ్లాక్‌లంటారు. కథ పేజీ మొదట్లోనే ‘ఎక్స్‌టెండ్స్’ అని బేస్ పేరు చెప్పి, తనకు కావలసిన బ్లాక్‌లు మాత్రం నింపుతుంది. నింపనివాటిలో బేస్ రాసిందే ఉంటుంది. ఒక చిక్కుంది: కథ పేజీలో బ్లాక్‌ల బయట ఏం రాసినా అది కనిపించదు, ఎర్రర్ కూడా రాదు. ‘నా పేరా ఏమైందిరా’ అని బుర్ర గోక్కునేవాళ్లు ముందు అక్కడ చూసుకోవాలి.

తెలుగు సైట్ కట్టేటప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. యూటీఎఫ్-8 ప్రకటన, ఫాంటు, వరుసల మధ్య ఎడం, అన్నీ ప్రతి పేజీకీ కావాలి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడమే ఉంచేస్తే ‘రాష్ట్రం’ లాంటి మాటల ఒత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి. బేస్‌కి తగిలించిన ఒక్క సీఎస్ఎస్ ఫైల్లో సరిచేస్తే అన్ని పేజీలూ బాగుపడతాయి. పేజీ ఏ భాషలో ఉందో చెప్పే లాంగ్ యాట్రిబ్యూట్‌ని మాత్రం బ్లాక్‌గా వదలండి. స్క్రీన్ రీడర్లు ఉచ్చారణ ఎంచుకోవడానికి దాన్నే చూస్తాయి. రేపు ఇంగ్లీషు అనువాదాల పేజీ వస్తే అది తనకు తగ్గట్టు మార్చుకుంటుంది.

అసలు ప్రమాదం బేస్ లావెక్కడం. ‘లాగిన్ పేజీ అయితే మెనూ వద్దు’, ‘కవిత అయితే పక్క కాలమ్ వద్దు’ అంటూ ఇఫ్‌లు ఒక్కొక్కటే చేరతాయి. తన కింద ఏ పేజీ ఉందో బేస్ అడగాల్సి వచ్చిందంటే పని చెడినట్టే. అప్పుడు మధ్యలో ఇంకో అంతస్తు వెయ్యాలి: బేస్ మీద రచనల లేఔట్, దాని మీద కథ పేజీ. నా లెక్కలో మూడు అంతస్తులు చాలు. ఐదైతే ఏ బ్లాక్ ఎక్కడ నిండిందో రాసినవాడికే తెలియదు. కథ కార్డు లాంటి చిన్న ముక్కలకి మాత్రం పాత ఇంక్లూడే హాయి.

ఒక్క పేజీని మాత్రం ఈ కుటుంబంలో చేర్చకండి, అదే 500 ఎర్రర్ పేజీ. మన బేస్ మెనూలో కొత్త రచనల సంఖ్య డేటాబేస్ నుంచి తెచ్చి చూపిస్తోందనుకోండి. డేటాబేస్ పడిపోయినప్పుడు ఆ బేస్‌నే వాడే ఎర్రర్ పేజీ కూడా దాంతోపాటే పడిపోవచ్చు. అందుకే జాంగో తన 500 టెంప్లేట్‌కి ఏ వేరియబుల్సూ పంపదు. అక్కడ మటుకు హెడర్‌ని హాయిగా కాపీ కొట్టుకోండి.