ఎవరెస్ట్ దారిలో తాడ్వాయి

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే మధ్యలో తాడ్వాయి వస్తది. ఫోన్లోంచి తలెత్తి ఓసారి చూడండి. మాలావత్ పూర్ణ చదువుకున్న సాంఘిక సంక్షేమ గురుకులం ఈ ఊళ్లోదే. సొంతూరు నిజామాబాద్ జిల్లా పాకాల. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎక్కిన అమ్మాయి ఇంకెవరూ లేరు.

2017లో రాహుల్ బోస్ ఈ కథను సినిమాగా తీశారు. 2019లో అపర్ణ తోట ఇంగ్లీషులో పూర్ణ జీవితకథ రాశారు. సినిమా చూసేశాం కదా, మళ్లీ పుస్తకం దేనికంటారా? సినిమాకి ఉన్నది రెండు గంటలు కూడా కాదు. నాకేమో శిఖరం కన్నా దాని ముందు సంగతులే ఇష్టం: భువనగిరి గుట్ట మీద శిక్షణ, కోచ్ శేఖర్‌బాబు, గురుకులాల కార్యదర్శి ప్రవీణ్‌కుమార్ పట్టుదల, తోడుగా ఎక్కిన ఖమ్మం కుర్రాడు ఆనంద్. నేపాల్‌లో 16 ఏళ్లు నిండనిదే అనుమతివ్వరు, అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. పదమూడేళ్ల పిల్లను అక్కడికి పంపొచ్చా? ఇట్లాంటి ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలంటే పుస్తకమే కావాలె.

అయితే 2022 జూన్‌లో దెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసిన పూర్ణ 2019 పుస్తకంలో ఎలాగూ ఉండదు. కొత్త ముద్రణలో ఆ అధ్యాయం చేర్చాల్సిందే. అన్నట్టు, మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ మీద ఎవరన్నా ఇట్లాంటిదే రాస్తే ప్రీ-ఆర్డర్ పెట్టేస్తా.