సమయోజనీయమా, సహయోజనీయమా? : భిలాయి కొలిమి దృష్ట్యా రసాయన బంధ పరిభాష

భిలాయి ఉక్కునగరము నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో, దుర్గ్ జిల్లాయందున్నది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒడంబడిక ననుసరించి అచ్చటి కర్మాగారము నిర్మితమైనది. దాని మొదటి బ్లాస్టు కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. పలు ప్రాంతములనుండి వచ్చి అచ్చట స్థిరపడిన కుటుంబములలో తెలుగువారివియు అనేకము కలవు. ఆ ఇండ్లలో మాట తెలుగు; బడిలో రసాయనశాస్త్రము హిందీలోనో ఇంగ్లీషులోనో నడచును. హిందీలో చదువు బాలుడు ‘సహసంయోజక’ బంధమని నేర్చుకొనును. సెలవులకు శ్రీకాకుళమునకో విజయనగరమునకో పోయినప్పుడు, తెలుగులో చదువు మేనమామ కొడుకు పుస్తకములో అదియే ‘సమయోజనీయ’ బంధమని కనబడును. ఒకరిది ‘సహ’, వేరొకరిది ‘సమ’. భేదము ఒక అక్షరమే యైనను, శాస్త్రార్థమునకు సంబంధించినంతవరకు అది స్వల్పము కాదు.

ఎలక్ట్రానుల జంటను రెండు పరమాణువులు కలిసి అనుభవించుటయే బంధమను భావమును అమెరికా శాస్త్రజ్ఞుడు జి. ఎన్. లూయిస్ 1916లో ప్రతిపాదించెను. 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దానికి ఇంగ్లీషున పేరు పెట్టెను. ఆ పేరులోని ఉపసర్గకు ‘కూడి’ యనునదే అర్థము. హిందీ, మలయాళ పరిభాషలు దానిని ‘సహ’ యనియే గ్రహించినవి. తమిళము ‘శహప్పిణైప్పు’ అన్నది. తెలుగు మాత్రము ‘సమ’ శబ్దమును చేకొన్నది. ‘సమ’ శబ్దమునకు తుల్యత్వమే ముఖ్యార్థము. కావున సమయోజనీయ మనగానే చదువరి మనసున సరిసమానముగా పంచుకొనుట యను భావము నాటుకొనును. ఒకే మూలకమునకు చెందిన రెండు పరమాణువులు కూడినపుడు, అనగా హైడ్రోజను అణువులోను నత్రజని అణువులోను, ఆ భావము చెల్లును. భిన్న మూలకములు కూడినచోట చెల్లదు.

పంపకమందలి వైషమ్యమునకు కొలత కలదు. బంధములో నున్న ఎలక్ట్రానులను తనవైపునకు లాగుకొను శక్తిని ఋణవిద్యుదాత్మకత యందురు. 1932లో లైనస్ పౌలింగ్ ఏర్పరచిన మానము ప్రకారము, తరువాతి సవరణలతో, ఆక్సిజనుకు 3.44, కార్బనుకు 2.55, ఇనుమునకు 1.83 విలువలు చెప్పుచున్నారు. భిలాయి కొలిమిలో జరుగునదంతయు ఈ మూడు మూలకముల కథయే.

దల్లీరాజహరా గనులనుండి వచ్చు హెమటైట్ ఖనిజములో రెండు ఇనుప పరమాణువులకు మూడు ఆక్సిజను పరమాణువులుండును. పాఠ్యపుస్తకములు సౌకర్యార్థము ఇనుము మూడేసి ఎలక్ట్రానులను ఆక్సిజనుకు దానము చేసినట్లు వ్రాయును. వాస్తవమున అది పూర్తి దానమును కాదు, సమభాగమును కాదు. ఇనుమునకును ఆక్సిజనుకును గల భేదము 1.61 మాత్రమే, ఎలక్ట్రాను మేఘము ఆక్సిజనువైపు మిక్కిలి ఒరిగి, ఇనుమును పూర్తిగా విడువక నిలిచియుండును. అయానిక బంధము, సమయోజనీయ బంధము అనునవి రెండు వేర్వేరు గదులు కావు. ఒకే దారికి రెండు చివరలు. హెమటైట్ ఆ దారి నడుమనున్నది.

తెలుగు పల్లెలలో ‘పొత్తు’ అను మాట కలదు. ఒకనిది భూమి, ఒకనివి ఎడ్లు. పండినదానిలో వారి పాళ్లు సమానముగా నుండవలెనను నియమము లేదు. అట్లని పొత్తు పొత్తు కాకపోదు. లూయిస్ చెప్పిన బంధమునకు ‘సమ’ శబ్దముకంటె ఈ దేశ్యపదమే దగ్గరగా నున్నది. దశాబ్దులుగా పాఠ్యపుస్తకములలో స్థిరపడిన పేరును తొలగించుట సాధ్యము కాదు, అంత అవసరమును లేదు. అయినను నిఘంటువులలో ఆ పేరు ప్రక్కన ‘సమాన భాగము కానక్కరలేని పొత్తు’ అను వివరణ యుండుట మేలు.

కొలిమిలో ఆ పొత్తులు మారును. అడుగునుండి ఊదిన వేడిగాలిలోని ఆక్సిజను కోకుతో కలిసి మొదట కార్బన్ డయాక్సైడగును. అది మరల ఎఱ్ఱని కోకును తాకి కార్బన్ మోనాక్సైడగును. ఈ వాయువు పైకి పోవుచు ఖనిజములోని ఆక్సిజనును గ్రహించి ఇనుమును విడిపించును. నూరు కిలోల శుద్ధ హెమటైట్ నుండి సుమారు డెబ్బది కిలోల ఇనుము వచ్చును. ఈ క్రియను తెలుగులో ‘క్షయకరణము’, హిందీలో ‘అపచయన్’ అందురు. ఇచ్చట భాషాపరమైన చిక్కు ఒకటి కలదు. లాటిన్ మూలపదమునకు ‘వెనుకకు తెచ్చుట’ అని అర్థము, అనగా ఖనిజమును లోహస్థితికి మరలించుట. అనువాదకులు ఇంగ్లీషు పదమునకు వాడుకలో నున్న ‘తగ్గించుట’ యను అర్థమును గైకొనిరి. ఫలితముగా, ఎలక్ట్రానులను తిరిగి పొందుచున్న ఇనుము ‘క్షయించుచున్నది’ అని విద్యార్థి చదువవలసి వచ్చినది.

ఆక్సిజను ఇనుమును విడిచి కార్బను ననుసరించుటకు కారణము కార్బనుపై దానికి మిక్కుటమైన ఆకర్షణ యని సామాన్యముగా చెప్పుదురు. లెక్క చూచిన అది అంత సులభముగా తేలదు. హెమటైట్ నుండి ఆక్సిజను పరమాణువులను విడదీయుటకు ఒక మోల్ పరమాణువులకు సరాసరి 524 కిలోజౌళ్లు కావలెను. అదే ఆక్సిజనును కార్బన్ మోనాక్సైడు స్వీకరించినపుడు వెలువడునది 532 కిలోజౌళ్లు. రెండింటికిని భేదము ఎనిమిది మాత్రమే. త్రాసు ఇంచుమించు సమముగా నున్నదన్నమాట. కార్బన్ మోనాక్సైడును ఎడతెగక సరఫరా చేసి, ఏర్పడిన కార్బన్ డయాక్సైడును ఎప్పటికప్పుడు కదల్చివేయుటచేతనే త్రాసు ఒకవైపునకు మ్రొగ్గును. ఇనుమునకు ఆక్సిజనుతో గల కడపటి బంధము విడివడు దశలో, 900 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఆ రెండు వాయువుల మొత్తములో సుమారు మూడింట రెండువంతులు కార్బన్ మోనాక్సైడుగానే మిగిలియుండవలెను. కావున కొలిమి ఎంత చక్కగా నడచినను ఆ వాయువంతయు వినియోగము కాదు. కొలిమి శిఖరమునుండి వెలువడు వాయువులో దాని భాగము ఐదింట ఒకవంతో, అంతకు కొంచెము హెచ్చుగనో యుండును. దానిని ధూళి పోవునట్లు శుద్ధిచేసి, గొట్టములద్వారా కొనిపోయి ఇంధనముగా మండింతురు.

విడివడిన ఇనుములోని బంధము మరియొక తీరుది. అందు జంటలు లేవు. ప్రతి పరమాణువును తన బాహ్య ఎలక్ట్రానులను మొత్తము లోహమునకు అప్పగించును. లోహములలో స్వేచ్ఛగా సంచరించు ఎలక్ట్రానులున్నవని 1900లో పాల్ డ్రూడె భావించెను. తరువాత క్వాంటం సిద్ధాంతము ఆ భావమును మిక్కిలి సంస్కరించినది. దీనికి తెలుగు మాట ‘ఉమ్మడి’. పొత్తు ఇద్దరిది, ఉమ్మడి అందరిది. పరమాణువుల వరుసలు ఒకదానిపై నొకటి జరిగినను ఉమ్మడి చెడదు. భిలాయిలో ఉక్కు దిమ్మె రోలర్ల నడుమ నలిగి పగులక రైలుపట్టాగా సాగుటకు ఇదియే ఆధారము.

ఇక కార్బన్ మోనాక్సైడు స్వరూపము విచిత్రమైనది. అందలి రెండు పరమాణువుల నడుమ మూడు జంటలున్నవి. లెక్కకు, వానిలో రెండు జంటలకు ఇరువురును చెరియొక ఎలక్ట్రాను నొసగగా, మూడవ జంట పూర్తిగా ఆక్సిజను ఒసగినది. ఎక్కువగా లాగుకొనునదే ఇచ్చట ఎక్కువగా ఇచ్చినదన్నమాట. ఈ రెండు వైషమ్యములును ఒకదాని నొకటి కొట్టివేయుటచే అణువు ఇంచుమించు తటస్థముగా నుండి, కార్బను కొనయే లేశమాత్రము ఋణావేశము కలిగియుండును. ఆ బంధమును విడదీయుటకు మోల్‌కు 1072 కిలోజౌళ్లు కావలెను. ద్విపరమాణుక అణువులలో ఇంతటి దృఢబంధము మరొకటి లేదు. ఇంతేగాక, కార్బను కొనయందు ఎవరితోను పొత్తు లేని ఒంటరి జంట యొకటి మిగిలియున్నది. దానిని స్వీకరింపగల లోహము దొరికినచో ఆ అణువు అచ్చట అంటుకొనును.

అట్టి లోహము మనుష్యుని రక్తములో నున్నది. హెమోగ్లోబిన్‌లోని ఇనుము నాలుగు దిక్కుల నాలుగు నత్రజని పరమాణువులను, ఐదవచోట హిస్టిడిన్‌కు చెందిన నత్రజనిని పట్టుకొనియుండును. ఆరవచోటు ఆక్సిజనుకొఱకు. కార్బన్ మోనాక్సైడు అచ్చట తన ఒంటరి జంట నొసగును. ఇనుమును తన ఎలక్ట్రానులలో కొంతభాగమును తిరిగి దానికి మరలించును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటచే బంధము గట్టిపడి, ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు పైబడిన పట్టుతో ఆ వాయువు నిలిచిపోవును. తెలుగు పాఠ్యపుస్తకములు ఒకే పరమాణువు జంటను పూర్తిగా ఒసగు బంధమును ‘సమన్వయ సమయోజనీయ బంధము’ అనుచున్నవి. ఇచ్చటను ‘సమ’ శబ్దము వదలలేదు.

2014 జూన్ 12న భిలాయి కర్మాగారములోని ఒక పంపుహౌసువద్ద ఈ వాయువు వెలువడి ఆరుగురు మరణించిరి, అస్వస్థులైనవారు అనేకులు. రంగు లేదు, వాసన లేదు. పీల్చువానికి తాను పీల్చుచున్నది గాలి కాదను సూచన ఏదియు ఇంద్రియములకు అందదు. చికిత్సకు ఆధారము ఆ బంధము శాశ్వతము కాకపోవుటయే. సామాన్యపు గాలిలో రక్తమునందలి కార్బన్ మోనాక్సైడు సగమునకు తగ్గుటకు నాలుగైదు గంటలు పట్టును. శుద్ధ ఆక్సిజను నిచ్చినచో గంట, గంటన్నర చాలును. కొలిమిలో ఖనిజమునుండి ఆక్సిజనును తొలగించుటకు కార్బన్ మోనాక్సైడును సమృద్ధిగా పంపుదురు; ఆసుపత్రిలో రక్తమునుండి కార్బన్ మోనాక్సైడును తొలగించుటకు ఆక్సిజనును సమృద్ధిగా పంపుదురు.